కంప్యూటరు కంటే ముందు రావలసినవి

ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చి పాతికేళ్ళు దాటింది కదా, మరి పని ఇంకా ఎందుకు ఆగుతోంది? ఈ ప్రశ్న పట్నం వాళ్ళకంటే పల్లె వాళ్ళే ఎక్కువగా అడుగుతారు. వాళ్ళకు ఆఫీసు అంటే బస్సెక్కి వెళ్ళి, ఒక పూట కూలి పోగొట్టుకుని, పని కాకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళాల్సిన చోటు. చందర్లపాడు మండలాన్నే తీసుకుందాం. కృష్ణ ఒడ్డున గుడిమెట్ల నుంచి నందిగామ వైపు పరుచుకున్న మెట్ట ప్రాంతం. పత్తి, మిర్చి, సుబాబుల్ వేసే ఊళ్ళు. ఇక్కడ ఒక రైతు రెండెకరాలు కొని, దాని మీద పంట అప్పు తీసుకోవాలంటే నాలుగు చోట్ల కంప్యూటర్లతో పని పడుతుంది. పొలం మీద పాత తాకట్టేమైనా ఉందేమో చూపే ఈసీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కంప్యూటర్లో ఉంటుంది. పొలం ఎవరిదో, ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగల్, 1బి రెవెన్యూ వాళ్ళ వెబ్‌ల్యాండ్‌లో ఉంటాయి. ఏ పంట వేశాడో చెప్పే ఈ-క్రాప్ నమోదు ఊళ్ళో సిబ్బంది చేతిలో ఉంటుంది. అప్పు ఖాతా సహకార సొసైటీలోనో బ్యాంకులోనో ఉంటుంది. నాలుగు తెరల మీదా కనిపించాల్సింది అదే సర్వే నంబరు, అదే మనిషి, అదే విస్తీర్ణం. ఒక్క చోట తేడా వచ్చిందంటే మిగతా మూడు చోట్లా పని నిలిచిపోతుంది.

దీనికి జనం నోట వినిపించే జవాబులు రెండు. సర్వర్ డౌన్ అన్నది ఒకటి. సిబ్బందికి పని రాదు, వచ్చినా చేయరు అన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ ఇవి అసలు విషయాన్ని చెప్పవు. ఒకే ఆఫీసులో, అదే కంప్యూటరు ముందు, అదే ఉద్యోగి చేతుల్లో ఒక పని పది నిమిషాల్లో అయిపోతుంది, మరో పని నెలల తరబడి తేలదు. యంత్రంలోనో మనిషిలోనో లోపం ఉంటే రెండు పనులూ ఒకేలా ఆగాలి. ఆగడం లేదంటే కారణం మరోచోట ఉంది. యంత్రం గడప దాటకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి: పాత పుస్తకాలను ఏం చేస్తాం, పని వరసను ఎలా మారుస్తాం, తప్పు జరిగితే ఎవరు దిద్దుతారు, దిద్దే అధికారం చట్టం ఇచ్చిందా. ఇవి తేల్చుకున్న పనుల్లో కంప్యూటరు ఫలితం ఇచ్చింది. తేల్చుకోని పనుల్లో పాత జాప్యమే కొత్త తెర మీదకు వచ్చింది. ఈ అధ్యాయంలో చూపదలచుకున్నది అదే.

వేగం వస్తే కొరత మరోచోటికి జరుగుతుంది

యంత్రం వస్తే దాని చుట్టూ మిగతావీ మార్చుకోవాల్సి రావడం మెట్ట రైతుకు కొత్త సంగతి కాదు. బావి మీద మోట తోలిన రోజుల్లో నీళ్ళు ఎంత తోడాలన్నది ఎడ్ల ఓపికను బట్టి ఉండేది. కరెంటు మోటారు బిగించగానే ఎడ్ల బాధ తీరింది, కానీ గంటన్నరలో బావి అడుగంటింది. ఊట మళ్ళీ చేరేదాకా మోటారు ఊరికే కూర్చుంది. అప్పుడు బావిలో బోరు దించాల్సి వచ్చింది, కాలువ బదులు పైపు వేయాల్సి వచ్చింది, కరెంటు వచ్చే గంటలను బట్టి తడి పెట్టే వరసను మార్చుకోవాల్సి వచ్చింది, అన్నదమ్ముల మధ్య వంతులు మళ్ళీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. మోటారు ఖరీదు ఒకటైతే దాని చుట్టూ మార్చుకున్న వాటి ఖరీదు అంతకు కొన్ని రెట్లు. మోట తోలిన పద్ధతిలోనే మోటారు నడిపిన రైతుకు మిగిలింది కరెంటు ఖర్చే.

ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో రాసిన ఒక వ్యాసంలో ఇదే సంగతిని అమెరికా ఫ్యాక్టరీల విషయంలో నిరూపించాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1987లో, రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త ఒక చిక్కు ప్రశ్న లేవనెత్తి ఉన్నాడు: ఎక్కడ చూసినా కంప్యూటర్లే, మరి ఉత్పాదకత లెక్కల్లో మాత్రం వాటి జాడ ఎందుకు లేదు? డేవిడ్ ఇచ్చిన జవాబు విద్యుత్తు చరిత్ర. అమెరికాలో 1880ల మొదట్లోనే కరెంటు ఉత్పత్తి కేంద్రాలు వచ్చాయి. అయినా 1900 నాటికి ఫ్యాక్టరీ యంత్రాలను తిప్పే శక్తిలో కరెంటు వాటా నూటికి ఐదు పాళ్ళు కూడా లేదు. ఆవిరి యంత్రం ఉన్న చోట పెద్ద కరెంటు మోటారు పెట్టి, పైకప్పు పొడుగునా ఉన్న పాత ఇరుసుకే బెల్టులు తగిలించి నడిపిన యజమానులకు చెప్పుకోదగ్గ లాభం రాలేదు. ఒక్కో యంత్రానికి ఒక్కో చిన్న మోటారు పెట్టవచ్చని గ్రహించి, మేడల ఫ్యాక్టరీ బదులు ఒకే అంతస్తు షెడ్డు కట్టి, సరుకు కదిలే వరసను బట్టి యంత్రాలను అమర్చుకున్నాకే, అంటే 1920ల్లో, ఉత్పాదకత ఎగబాకింది. నలభై ఏళ్ళ ఆలస్యం. ఆ నలభై ఏళ్ళలో మారింది మోటారు కంటే ఎక్కువగా ఫ్యాక్టరీయే.

ఐబీఎం సంస్థ 1981 ఆగస్టులో తన పర్సనల్ కంప్యూటరును బజారులోకి తెచ్చాక మరో కొత్త చిక్కు కూడా వచ్చింది. అంతకు ముందు కంప్యూటరు అంటే ఒక చల్లని గదిలో నిపుణుల కాపలాలో ఉండే పెద్ద యంత్రం. కొనే ముందు కమిటీలు కూర్చునేవి, ఏళ్ళ తరబడి లెక్కలు వేసేవి. బల్ల మీద పట్టే యంత్రం వచ్చాక, టైపు మిషను కొన్నంత తేలిగ్గా ఏ సెక్షనుకు ఆ సెక్షను కొనుక్కోవడం మొదలైంది. ధర తగ్గేసరికి ఆలోచన కూడా తగ్గింది. 1987లో గార్ట్‌నర్ అనే సలహా సంస్థ దీన్ని పట్టుకుని, బిల్లు మీదున్న ధర కాకుండా యంత్రం జీవితకాలమంతా అయ్యే మొత్తం ఖర్చును లెక్కగట్టే పద్ధతి తెచ్చింది. శిక్షణ, మరమ్మతు, సాఫ్ట్‌వేరు, పని ఆగిన గంటల నష్టం అన్నీ అందులోకి వస్తాయి. మన దగ్గర దీనికి యూపీఎస్ బ్యాటరీలు, జనరేటర్ డీజిలు, ఎలుకలు కొరికిన వైర్లు కూడా చేర్చాలి. వేసవిలో రోజుకు కొన్ని గంటలు కరెంటు పోయే ఊళ్ళో, మూడేళ్ళకు ఒకసారి బ్యాటరీలు మార్చే డబ్బు బడ్జెట్లో చూపించని ఆఫీసు, కంప్యూటరును కొన్నట్టు కాదు, మూడేళ్ళకు అద్దెకు తెచ్చుకున్నట్టు.

1983 దగ్గర గీసిన గీత

ఇక మన రాష్ట్రంలోనే జరిగిన పెద్ద ప్రయత్నాన్ని దగ్గరగా చూద్దాం. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఒకేసారి కంప్యూటర్ల మీద రిజిస్ట్రేషన్ మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో అలాంటి ఆఫీసులు 387. ఈ పథకం పేరు కార్డ్. 1996లో పని మొదలుపెట్టి రెండేళ్ళకు పైగా సిద్ధం చేశారు. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ దీనికి సారథి. ఏం సిద్ధం చేశారో అర్థం కావాలంటే అంతకు ముందు ఈసీ ఎలా ఇచ్చేవాళ్ళో తెలియాలి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాలు తప్ప స్థిరాస్తికి సంబంధించిన ప్రతి దస్తావేజునూ ఒకటో నంబరు పుస్తకంలో మక్కీకి మక్కీ దించాల్సి ఉండేది. ఆ పుస్తకాలు ఏళ్ళు గడిచేకొద్దీ గోడంత పేరుకుంటాయి కాబట్టి, వెతుక్కోవడానికి సూచికలు రాస్తారు. అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళ పేర్ల వరసలో మొదటి సూచిక; ఆస్తి వివరాలను బట్టి రెండోది. ఒక పొలం మీద గత పదమూడేళ్ళలో ఏ లావాదేవీలు జరిగాయో చెప్పమంటే గుమాస్తా ఏడాదికొక సూచిక తీసి, ఆ ఊరి పేజీలు తిప్పి, ఆ సర్వే నంబరు మీద వేలు పెట్టి, పదమూడు సార్లు ఇదే పని చేయాలి. ఒక్క వరస కంటికి ఆనలేదంటే తాకట్టులో ఉన్న పొలం శుభ్రంగా ఉన్నట్టు కాగితం వస్తుంది. దాన్ని నమ్మి కొన్నవాడి జీవితకాలపు కష్టార్జితం పోతుంది. ఈసీ కోసం జనం రోజుల తరబడి తిరిగారంటే గుమాస్తా బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఆ పనే అంత పెద్దది.

ఇక్కడికి కంప్యూటర్లు తెస్తున్నాం అనుకోండి. పథకం వేసేవాళ్ళ ముందు మూడు దారులుంటాయి. ఇవాళ్టి నుంచి జరిగే రిజిస్ట్రేషన్లు మాత్రమే కంప్యూటర్లోకి ఎక్కించడం మొదటిది. చౌక, తేలిక. కానీ పదమూడేళ్ళ ఈసీ కావాలన్నవాడికి మరో పదమూడేళ్ళ దాకా పాత పుస్తకాలే గతి. యంత్రం ఉంటుంది, ఉపయోగం ఉండదు. ఈలోగా యంత్రమే పాతబడి పోతుంది. ఆఫీసు పుట్టిన నాటి నుంచీ ఉన్న పుస్తకాలన్నీ ఎక్కించడం రెండోది. అది ఎప్పటికీ ముగియని పని. మూడోది, ఎంత వెనక్కి వెళ్తే జనానికి సాధారణంగా సరిపోతుందో చూసుకుని అక్కడ ఒక గీత గీయడం. కార్డ్ వాళ్ళు ఆ గీతను 1983 జనవరి 1 దగ్గర గీశారు. పదిహేనేళ్ళ సూచికలను ముందే కంప్యూటర్లోకి ఎక్కించారు. అందువల్లే ఈసీ అన్నది ప్రారంభమైన నాటి నుంచే నిమిషాల పని కాగలిగింది. ఆ గీత ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు: 1983 తరవాతి ఈసీ కంప్యూటర్లో వస్తుంది, అంతకు ముందుదైతే ఆఫీసులో పుస్తకాలు తిరగేయాల్సిందే. కంప్యూటర్ పథకం అంటే ఏ మోడల్ కొనాలి, ఎన్ని కొనాలి అన్న పట్టిక అనుకునేవాళ్ళు ఈ ఒక్క నిర్ణయం గురించి ఆగి ఆలోచించాలి. ఇందులో యంత్రం ప్రసక్తే లేదు. అయినా పథకం బతికింది దీనివల్లే.

గీత గీయడం ఒక ఎత్తు, ఆ పదిహేనేళ్ళ వరసలను నింపడం ఇంకో ఎత్తు. మనిషి కంటికి 112/1ఎ, 112-1ఎ, 112/1/ఎ మూడూ ఒకే పొలం. కంప్యూటరుకు అవి మూడు పొలాలు. ఒకటి అడిగితే మిగతా రెండిటి మీదున్న తాకట్టును అది చూపించదు, పైగా ఏమీ లేదని ధీమాగా చెబుతుంది. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తే ఎన్ని రకాలుగా ఎక్కించవచ్చో మన రాష్ట్రంలో ఎవరికైనా తెలుసు. దీనికి తోడు, మండలాలు ఏర్పడింది 1985లో. 1983, 84 నాటి దస్తావేజుల్లో చందర్లపాడు మండలం అన్న మాటే ఉండదు, తాలూకా పేరు ఉంటుంది. ఆ ఊళ్ళను ఇప్పటి మండలానికి జతచేస్తూ ముందే ఎవరో ఒకరు ఊళ్ళ పట్టిక రాసి ఇవ్వాలి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయి ఇదే మండలం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారినప్పుడు ప్రతి ఆఫీసు కంప్యూటర్లోనూ మళ్ళీ అదే పని పడింది. ఈ పట్టిక రాయగలిగింది సాఫ్ట్‌వేరు ఇంజినీరు కాదు, ఇరవై ఏళ్ళుగా ఆ సూచికలు తిప్పిన గుమాస్తా. ఆయన్ను పక్కన పెట్టేసి, కీబోర్డు తెలిసిన కాంట్రాక్టు కుర్రాళ్ళ చేత ఎక్కించేసిన చోట్ల యంత్రం నిండుతుంది గానీ అందులోది నమ్మదగ్గదిగా ఉండదు.

చట్టం సంగతి కూడా ఉంది. చట్టం పుస్తకంలో దించమన్నప్పుడు, దస్తావేజును స్కాన్ చేసి డిస్కులో పెడితే అది రిజిస్ట్రేషన్ అవుతుందా? కోర్టులో నిలుస్తుందా? దేశంలో ఐటీ చట్టం వచ్చిందే 2000లో. అంతకు ముందే, 1999లో, కంప్యూటర్ ద్వారా రిజిస్ట్రేషన్ చెల్లేలా రాష్ట్రం తన వరకు రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించుకుంది. ఈ సవరణ లేకపోతే గుమాస్తాలు కంప్యూటర్లోనూ ఎక్కించి, పుస్తకంలోనూ దించి, రెండు చాకిరీలు చేయాల్సి వచ్చేది. చాలా ఆఫీసుల్లో ఇవాళ్టికీ జరుగుతున్నది అదే. ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీకే మళ్ళీ ప్రింటు తీసి ఫైలు కడతారు. ఆ ఉద్యోగి పని భారం కంప్యూటరు వల్ల పెరిగిందని అంటే అది సాకు కాదు, అక్షరాలా నిజం.

అదే ఆఫీసులో మారని సగం

కార్డ్‌ను ఇంతవరకే చెప్పి ఆపితే సగం నిజమే చెప్పినట్టు. 2004లో జోనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ పథకం మీద రాసిన వ్యాసం దానికున్న మంచి పేరును గట్టిగా ప్రశ్నించింది. కంప్యూటర్లు వచ్చాక కూడా జనం దస్తావేజు లేఖరుల ద్వారానే ఆఫీసుకు వెళ్తున్నారని, పైడబ్బులు ఆ దారిలోనే సాగుతున్నాయని ఆయన చూపించాడు. ఇది చదివి, కంప్యూటర్లు వచ్చినా అవినీతి పోదు, మన బుద్ధులు మారవు అని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో ఎంతో పనికొచ్చే సాక్ష్యం కనిపిస్తుంది. ఒకే ఆఫీసు, ఒకే యంత్రం, అదే సిబ్బంది. ఈసీ భాగం మారిపోయింది, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర అవినీతి మారలేదు. ఎందుకు?

ఈసీ విషయంలో పనిని మొదటి నుంచి చివరి దాకా ఆలోచించారు. సమాచారం ఎక్కడినుంచి రావాలి, ఎవరు వెతకాలి, ఏం అచ్చవ్వాలి అన్నీ తేలిపోయాయి. మధ్యలో మనిషి ఇష్టాయిష్టాలకు చోటు మిగల్లేదు. రిజిస్ట్రేషన్‌లో యంత్రం తన వంతు లెక్కలు చేసింది. మార్కెట్ విలువ పట్టికను బట్టి స్టాంపు సుంకం ఎంతో అది చెప్పగలదు. కానీ ఆ పొలం సాగు భూమా, ఇళ్ళ స్థలాల లెక్కలోకి వస్తుందా, రోడ్డు పక్కదా లోపలిదా అన్నది మనిషే చెప్పాలి. కట్టాల్సిన సుంకం ఆ ఒక్క మాట మీద ఎన్నో రెట్లు మారుతుంది. ఆ మాట చెప్పే అధికారం ఎక్కడుందో బేరం అక్కడే ఉంటుంది. దస్తావేజు రాసే పని కూడా అంతే. చట్టం మాటలు తెలియని రైతుకు రాసిపెట్టే మనిషి కావాలి. ఆ మనిషికే ఆఫీసు లోపలి వ్యవహారం తెలుసు. పథకంలో ఆయన్ను ఏం చేయాలో ఎవరూ తేల్చలేదు. లేఖరుల్లో ఎందరో తరతరాలుగా ఆ పని మీదే బతుకుతున్న వాళ్ళు. వాళ్ళకో దారి చూపకుండా వాళ్ళు లేనట్టే పథకం గీస్తే వాళ్ళు మాయమైపోరు. పాతికేళ్ళ తరవాత, 2023లో, కార్డ్ ప్రైమ్ అన్న కొత్త పద్ధతి తెచ్చి పౌరుడే దస్తావేజు తయారు చేసుకోవచ్చన్నప్పుడు లేఖరులు ఆందోళనకు దిగారు. 1998లో తేల్చుకోని ప్రశ్న 2023లో మళ్ళీ ఎదురొచ్చింది.

తప్పును వేగంగా కాపీ కొడితే

రెవెన్యూ రికార్డుల సంగతి ఇంకా లోతైనది. రిజిస్ట్రేషన్ సూచికల్లో రాత తప్పులు ఉండవచ్చు గానీ, జరిగిన లావాదేవీ జరిగినట్టే ఉంటుంది. అడంగల్ అలా కాదు. తాత పేరున ఉన్న పొలాన్ని మనవలు ఏనాడో పంచుకుని సాగు చేసుకుంటూ ఉంటారు, కాగితంలో మాత్రం తాతే ఉంటాడు. గట్టు జరిగింది, వాగు కోసేసింది, అరెకరం నోటిమాట మీద చేతులు మారింది. ఇలాంటి రికార్డును ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించడం అంటే తప్పుకు అచ్చు అక్షరాల గౌరవం ఇవ్వడమే. చేతిరాత అడంగల్లో పొరపాటును కరణమో వీఆర్‌ఓనో కలంతో దిద్దగలిగేవాడు; అందులో అక్రమానికీ చోటుంది, నిజమే. వెబ్‌ల్యాండ్‌లో దిద్దాలంటే పై అధికారి లాగిన్ కావాలి. అక్రమాన్ని ఆపడానికి పెట్టిన ఆ తాళం, నిజమైన సవరణ కోరే రైతుకు కూడా అడ్డమైంది. ఎక్కించే పని ఊరూరా ఒక ఉద్యమంలా సాగింది, దిద్దే పనికి మాత్రం అంత మంది మనుషులనూ అంత గడువునూ ఎవరూ కేటాయించలేదు. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చి ఎవరి రికార్డు వాళ్ళు ఇంట్లోనే చూసుకునే వీలు కలిగాక, ఎందరికో తమ పొలం తప్పుగా ఉందన్న సంగతి మొదటిసారి తెలిసింది.

చివరికి నేల మీదకే వెళ్ళి మళ్ళీ కొలవాల్సి వచ్చింది. 2020 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి రాష్ట్రవ్యాప్త రీసర్వేను ప్రారంభించింది చందర్లపాడుకు ఎంతో దూరంలో లేని తక్కెళ్ళపాడులోనే, జగ్గయ్యపేట మండలంలో. నూరేళ్ళ నాటి సర్వే తరవాత డ్రోన్లు, రోవర్లనే కొలత పరికరాలు పట్టుకుని కొలతలు మొదలుపెట్టారు. కొలత కచ్చితంగా వచ్చింది. దాంతోపాటే విస్తీర్ణం తగ్గిందని, హద్దు మారిందని ఫిర్యాదులూ వచ్చాయి. ప్రభుత్వం మారాక 2024 చివర్లో జరిపిన రెవెన్యూ సదస్సుల్లో వాటి మీదా అర్జీలు అందాయి. సెంటీమీటర్ల తేడాతో కొలిచే యంత్రానికి ఇద్దరు అన్నదమ్ముల్లో ఎవరి గట్టు సరైనదో తెలియదు. ఆ మాట ఇద్దరి ఎదుటా కూర్చుని తేల్చాలి, అందుకు రోజులు పడతాయి. ఆ రోజులను పథకంలో రాసుకోని చోటల్లా కొలిచిన వేగం తగాదాల రూపంలో వెనక్కి వచ్చింది.

ఎదురు వచ్చే వాదనలు

ఇదంతా విన్నాక ఎవరైనా అడగవచ్చు: అన్నీ శుభ్రం చేసుకున్నాకే కంప్యూటర్ తెమ్మంటే అది ఎప్పటికైనా వస్తుందా? ఇది గట్టి అభ్యంతరమే. దీనికి జవాబు కార్డ్‌లోనే ఉంది. వాళ్ళు అన్నీ శుభ్రం చేయలేదు. 387 ఆఫీసుల్లో 214తో మొదలుపెట్టారు, నూరేళ్ళ పుస్తకాల్లో పదిహేనేళ్ళవే ఎక్కించారు. ఎంత వదిలేస్తున్నారో తెలిసి వదిలేశారు, వదిలేసినదాన్ని పాత పద్ధతిలో ఎలా ఇస్తారో కూడా చెప్పారు. ఈసీ అడిగినవాడికి 1983 ముందుదైతే ఏం చేయాలో తెలుసు. తెలిసి గీసిన గీతకూ తెలియక వదిలేసిన ఖాళీకీ మధ్య తేడా అదే.

కంప్యూటర్ వస్తే ఉద్యోగాలు పోతాయన్న భయాన్ని కూడా తేలిగ్గా తీసిపారేయకూడదు. బ్యాంకు ఉద్యోగులు ఈ భయాన్ని దాచుకోలేదు, బల్ల దగ్గరకు తెచ్చారు. 1983లో బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ కుదిరిన ఒప్పందం యంత్రాలు ఎక్కడ, ఎంతమేరకు వాడవచ్చో హద్దులు పెట్టింది. 1984లో సి. రంగరాజన్ కమిటీ బ్రాంచీల్లో లెడ్జర్లు రాసే యంత్రాల దగ్గర నుంచి మెల్లగా మొదలుపెట్టమంది. 1993లో మరో ఒప్పందంతో హద్దులు సడలాయి. పదేళ్ళు వృథా అయ్యాయని కొందరంటారు. నేనలా అనుకోను. ఆ పదేళ్ళలో లెడ్జరు రాసిన గుమాస్తానే మొదట చిన్న యంత్రానికి, తరవాత కంప్యూటరుకు అలవాటు పడ్డాడు. ఖాతాలోని తిరకాసు తెలిసిన మనిషే తెర ముందు కూర్చున్నాడు. పని తెలిసినవాణ్ణి బయటికి నెట్టి మీటలు తెలిసినవాణ్ణి తెచ్చుకున్న ఆఫీసుల కంటే బ్యాంకులు ముందుకు పోవడానికి ఈ నిదానం కూడా ఒక కారణం.

మరి ఇప్పుడంతా ఫోన్లోనే కదా, సమాచారమంతా ఎక్కడో దూరంలోని సర్వర్లలో ఉంటే ఆఫీసు కంప్యూటర్ గురించి ఇంత ఆలోచన ఎందుకన్న ప్రశ్న కూడా వస్తుంది. యంత్రం బల్ల మీద నుంచి జేబులోకి వచ్చింది, నిజమే. 112/1ఎ కు, 112-1ఎ కు మధ్య తేడా మాత్రం జేబులోనూ అలాగే ఉంటుంది. పైగా దూరపు సర్వరు మీద ఆధారపడ్డప్పుడు ఆ సర్వరు ఆగితే వంద ఆఫీసులు ఒకేసారి ఆగుతాయి. ఆ రోజు పని ఎలా నడపాలో, చేత్తో రాసిన రసీదును మర్నాడు ఎవరు ఎక్కించాలో ముందే రాసిపెట్టుకోకపోతే, కిటికీ అవతల మనిషికి దొరికేది రేపు రమ్మన్న మాటే. యంత్రానికి వయసు కూడా ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్లో, విండోస్ 10కి 2025 అక్టోబరులో కంపెనీ ఉచితంగా ఇచ్చే రక్షణ సవరణలు ఆగిపోయాయి. కొన్న రోజే ఎప్పుడు మార్చాలో, పాత డిస్కులోని జనం వివరాలను ఎలా చెరిపేయాలో రాసుకున్న ఆఫీసులు మన దగ్గర ఎన్ని ఉంటాయి?

సొసైటీలో కొత్త పుస్తకం తెరిచే రోజు

ఈ ప్రశ్నలన్నీ ఇప్పుడు మన ఊరి సహకార పరపతి సంఘాల్లోకి వచ్చాయి. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం దేశంలో 63,000 సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి ఆమోదం తెలిపింది. ఐదేళ్ళకు 2,516 కోట్ల రూపాయలు. సగటున సంఘానికి నాలుగు లక్షలు. అందరికీ ఒకే సాఫ్ట్‌వేరు, నాబార్డు పర్యవేక్షణ. సంఘం జిల్లా సహకార బ్యాంకుతో నేరుగా కలుస్తుంది. కాగితం మీద చూస్తే పాత పథకాల కంటే ఇది మెరుగ్గానే ఆలోచించారు. యంత్రంతో పాటు పాత లెక్కలు ఎక్కించడానికీ, శిక్షణకూ డబ్బు చూపించారు.

చిక్కంతా ఒక్క రోజు మీద ఉంది. పాత లెడ్జరు మూసి కంప్యూటర్లో ఖాతా తెరిచే రోజు ప్రతి సభ్యుడి పేరు ఎదుట ఒక అంకె పడుతుంది: అసలు ఇంత, వడ్డీ ఇంత, వాటాధనం ఇంత. ఆ రోజు నుంచి ఆ అంకే సత్యం. రుణమాఫీలో పోయిందనుకున్న బాకీ అందులో ఉండవచ్చు. కట్టిన వాయిదా రసీదు పుస్తకంలో ఉండి లెడ్జరుకు ఎక్కకపోయి ఉండవచ్చు. చనిపోయిన తండ్రి వాటా ఎవరి పేరుకూ మారకుండా ఉండవచ్చు. లెడ్జరు చేతిలో ఉన్నన్నాళ్ళూ ఇవి కార్యదర్శికీ రైతుకూ మధ్య మాటల్లో సర్దుకునే సంగతులు. కంప్యూటర్లో పడ్డాక అవి బ్యాంకు దాకా వెళ్ళి కొత్త అప్పును ఆపుతాయి. అందుకే ఖాతాలు మార్చే ముందు సభ్యులందరి నిల్వల జాబితా సంఘం గోడకు అంటించాలి. మహాజన సభ పిలిచి ఒక్కో పేరూ చదవాలి. కాదన్నవాడి దగ్గర రసీదు తీసుకుని చూసి, సరిచేసి, కార్యదర్శీ సభ్యుడూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ తరవాత కూడా ఒక పంట కాలం పాటు లెడ్జరునూ కంప్యూటరునూ పక్కపక్కనే నడిపి నెలాఖరుకు రెండింటి మొత్తాలూ పోల్చాలి. పెట్టిన నాలుగు లక్షల్లో దీనికయ్యేది కొద్ది మొత్తమే. పట్టేది మనుషుల సమయం, దాన్ని పత్తి తీతలూ మిర్చి కోతలూ లేని నెలల్లో పెట్టుకుంటే సభ్యులు కూడా వస్తారు.